కొత్త కారు మొరాయిస్తే: కొన్న షోరూమా, ఇంకో డీలరా, బయటి మెకానికా?

మా కారు కొన్న పదో నెలలో ముందు ఎడమ వైపు నుంచి ‘టక్’ మనే శబ్దం మొదలైంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ ఎక్కినా దిగినా ఏమీ ఉండదు. చిన్న గుంతలో చక్రం పడినప్పుడు, రోడ్డు అంచు దిగేటప్పుడు మాత్రం ఎవరో కింద నుంచి సుత్తితో కొట్టినట్టు వినపడుతుంది. కొత్త కారు కదా, శబ్దం వచ్చిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమనేది.

కొన్న షోరూమ్ సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చాను. సాయంత్రానికి తళతళలాడేలా కడిగి ఇచ్చారు. బిల్లు మీద ‘శబ్దం చెక్ చేశాం, నార్మల్’ అని రాసి ఉంది. బయటికి తీసిన రెండో నిమిషంలో, వాళ్ల గేటు ముందున్న గుంతలోనే టక్ మంది. వెనక్కి తిప్పి అడిగితే ‘ఈ మోడల్‌కి అంతే సార్, సస్పెన్షన్ సౌండ్’ అన్నారు.

వారం తర్వాత తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు, స్కానర్ పెట్టలేదు. ఒక్కటే అడిగాడు: ‘రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కితే వస్తోందా, ఒక చక్రం మాత్రమే దిగితే వస్తోందా?’ ఒక చక్రం దిగితేనే అన్నాను. ‘అయితే ముందు లింక్ రాడ్ చూద్దాం’ అంటూ గుంటలోకి దిగి, కుర్రాణ్ణి కారు పక్కకి ఊపమన్నాడు. నన్ను కూడా కిందికి పిలిచి, లింక్ రాడ్ చివర గుండ్రటి జాయింట్ మీద నా వేలు పెట్టించాడు. కారు ఊగినప్పుడల్లా లోపల చిన్న వదులు (ప్లే), వేలికి స్పష్టంగా తగిలింది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తాయి కాబట్టి, రెండు వైపుల సస్పెన్షన్‌నీ కలిపే యాంటీ రోల్ బార్ మెలిపడదు, ఆ బార్‌ను చక్రం వైపు కలిపే లింక్ మీద బరువు పడదు. ఒక్క చక్రమే దిగితే బార్ మెలిపడి అరిగిన జాయింట్ కొట్టుకుంటుంది. పెద్ద బ్రేకర్ మీద రాని శబ్దం చిన్న గుంతలో ఎందుకొస్తోందో పది నిమిషాల్లో తేలిపోయింది.

ఇక్కడ ఆయన చేసిన రెండో మంచి పని: బోల్ట్ ముట్టుకోలేదు. ‘వారంటీలో ఉంది సార్, నేను విప్పను. వాళ్ల దగ్గరికే వెళ్లి ఎడమ లింక్ రాడ్‌లో ప్లే ఉంది, చూడండి అని రాయించండి’ అన్నాడు. అలాగే రాయించాను. ఆ రోజే పార్ట్ మార్చారు, వారంటీలోనే.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వారంటీ ఉన్నంత కాలం రోగం ఏంటో ఎక్కడైనా తెలుసుకోండి, స్పానర్ మాత్రం డీలర్ చేతే పట్టించండి. ఒక డీలర్ రెండుసార్లు ‘నార్మల్’ అంటే మూడోసారి అక్కడికే వెళ్లి గొడవ పడటం కంటే, అదే కంపెనీ ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లడం మేలు.

కొన్న షోరూమ్

డీలర్ సర్వీస్ సెంటర్ అంటే కంపెనీ అనుకుంటాం. చాలా చోట్ల కాదు. డీలర్ వేరే వ్యాపారి. వారంటీలో పార్ట్ మారిస్తే ఆ ఖర్చు కంపెనీ దగ్గర క్లెయిమ్ చేసుకోవాలి. లోపం ఏంటి, కారణం ఏంటి, ఏం చేశారు అన్న మూడూ రాసి పంపితేనే క్లెయిమ్ పాస్ అవుతుంది. అంటే లోపం వాళ్ల కంటికి కనపడాలి. మనం వెళ్లినప్పుడు శబ్దం రాకపోతే వాళ్ల దగ్గర క్లెయిమ్ చేయడానికి ఏమీ ఉండదు. పైగా వారంటీ పనికి కంపెనీ ఇంత టైమ్ అని లెక్క కట్టి ఇస్తుంది. పార్ట్ మార్చడానికి టైమ్ ఇచ్చినంత ధారాళంగా, ఎప్పుడో ఒకసారి వచ్చే శబ్దాన్ని వెతకడానికి ఇవ్వదు. ‘నార్మల్ సార్’ అనే మాట చాలాసార్లు పుట్టేది ఇక్కడే. అది తెలిశాక నాకు కోపం కొంత తగ్గింది, పద్ధతి మారింది.

రెండో చిక్కు మధ్యవర్తి. మనం మాట్లాడేది సర్వీస్ అడ్వైజర్‌తో, కారు చూసేది లోపలున్న టెక్నీషియన్. నేను ఐదు నిమిషాలు వర్ణించి చెప్పింది జాబ్ కార్డ్ (మన ఫిర్యాదు, చేయాల్సిన పని రాసే కాగితం) మీదికి వచ్చేసరికి ‘సస్పెన్షన్ నాయిస్’ అని రెండు ముక్కలైంది. టెక్నీషియన్‌కి అందేది ఆ రెండు ముక్కలే. అందుకే ఇప్పుడు జాబ్ కార్డ్ మీద సంతకం పెట్టేముందు చదువుతాను. ‘ఉదయం చల్లని ఇంజిన్ మీద, మొదటి ఐదు నిమిషాలు, 20 నుంచి 40 కిలోమీటర్ల వేగంలో, ఎడమ ముందు చక్రం గుంతలో పడినప్పుడు’ అని నా వాక్యమే రాయించుకుంటాను. చల్లని ఇంజిన్ మీద మాత్రమే వచ్చే సమస్య అయితే కారును ముందు రోజు రాత్రే అక్కడ వదిలేయాలి. నడుపుకుంటూ వెళ్తే ఇంజిన్ వేడెక్కి, డాక్టర్ దగ్గరికి చేరేసరికి జ్వరం తగ్గినట్టు, లక్షణం మాయమవుతుంది.

టెక్నీషియన్‌ని గానీ ఫ్లోర్ సూపర్‌వైజర్‌ని గానీ పక్కన కూర్చోబెట్టుకుని నడిపితే సగం పని అయిపోయినట్టే. చాలా సెంటర్లు అడిగితే ఒప్పుకుంటాయి. మనం అడగం, అంతే.

షోరూమ్‌కి ఎవరూ సాటిరాని చోటు ఒకటుంది: సాఫ్ట్‌వేర్. మా తమ్ముడి కారు డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే రకం. ట్రాఫిక్‌లో ఒకటో గేర్ నుంచి రెండుకి మారేటప్పుడు జర్క్ ఇచ్చేది. వాడు షోరూమ్ అంటే విసుగుతో బయట చూపించాడు. మెకానిక్ పనితనం ఉన్నవాడే. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ శుభ్రం చేశాడు, స్పార్క్ ప్లగ్‌లు మార్చాడు. జర్క్ అలాగే ఉంది. చివరికి డీలర్ దగ్గర గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, క్లచ్ పట్టుకునే చోటును మళ్లీ నేర్పించారు. రెండు గంటల పని. ఇలాంటి తెలిసిన సమస్యల గురించి కంపెనీ తన డీలర్లకు సర్వీస్ బులెటిన్లు పంపుతుంది. అవి బయటి మెకానిక్‌కి వెంటనే అందవు. అందుకే షోరూమ్‌లో ‘ఈ లక్షణానికి బులెటిన్ ఏమైనా ఉందా, చూడండి’ అని అడగడం నేను మానను.

అదే కంపెనీ, వేరే డీలర్

చాలామంది అసలు ఆలోచించని దారి ఇది. కంపెనీ వారంటీ కారుకు ఉంటుంది, కొన్న షోరూమ్‌కు కాదు. దేశంలో ఆ కంపెనీ అధికారిక సెంటర్ ఎక్కడున్నా మామూలుగా వారంటీ పని చేయాల్సిందే. కొన్నచోటే చూపించాలన్న మొహమాటం అక్కర్లేదు. రికార్డు 17 అక్షరాల ఛాసిస్ నంబర్ మీద ఉంటుంది కాబట్టి పాత జాబ్ కార్డులు చూపిస్తే కథ మొదటి నుంచి చెప్పే పని కూడా తగ్గుతుంది.

లాభం ఏంటంటే కొత్త కళ్లు. ఒకసారి ‘నార్మల్’ అని రాసిన మనిషి రెండోసారి అదే కారులో లోపం ఒప్పుకోవడం కష్టం, అది మనుషుల సహజం. కొత్త టెక్నీషియన్‌కి ఆ బరువు ఉండదు. తమ్ముడి కారు జర్క్ తగ్గించింది కూడా ఇలా మారిన డీలరే.

నష్టం ఒకటుంది. వారంటీ అయిపోయిన కొద్ది రోజులకే పెద్ద పార్ట్ పోతే, కంపెనీ దయతలచి కొంత భరించే అవకాశం ఉంటుంది. అలాంటి సిఫార్సు ఒకే చోట క్రమంగా సర్వీస్ చేయించుకున్నవారికి కాస్త తేలిగ్గా దొరుకుతుంది. కాబట్టి ప్రతి చిన్నదానికీ డీలర్‌ని మార్చకండి. రెండుసార్లు విని, రెండుసార్లు కాగితం మీద పెట్టించి, అప్పుడు మారండి.

కాగితం విలువ ఎంతో ఒక పెద్ద కేసు చెబుతుంది. 2010 దశకంలో ఫోర్డ్ ఫియెస్టా, ఫోకస్ కార్లలో వచ్చిన పవర్‌షిఫ్ట్ అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ వణుకుతోందని అమెరికాలో వేలమంది ఫిర్యాదు చేశారు. ఈ గేర్‌బాక్స్ నడిచే తీరే అంతన్న జవాబు విన్నవాళ్లు అందులో ఎందరో. తర్వాత కంపెనీయే క్లచ్ వారంటీని 7 ఏళ్లకు, లక్ష మైళ్లకు పొడిగించింది. కోర్టు రాజీలో పరిహారాన్ని సర్వీస్‌కు ఎన్నిసార్లు వెళ్లారన్న రికార్డును బట్టే లెక్కగట్టారు. నోటిమాటతో సరిపెట్టుకుని ఇంటికొచ్చినవాళ్ల దగ్గర చూపించడానికి ఏముంటుంది?

బయటి మెకానిక్

ఇక్కడ మనం మాట్లాడేది పని చేసే చేతితోనే. పక్కన కూర్చుంటాడు, వింటాడు, అక్కడికక్కడే చెబుతాడు. శబ్దాలు, వైబ్రేషన్, లీకులు, బేరింగ్ హోరు లాంటివాటిలో అనుభవమున్న మెకానిక్ చెవికి మించిన పరికరం లేదు. కుడివైపు తిప్పితే హోరు పెరుగుతోందంటే బరువు పడేది ఎడమ చక్రం మీద, కాబట్టి ముందు ఎడమ బేరింగ్ చూడాలి. ఇది తెలిసినవాడికి ఐదు నిమిషాల పని.

కానీ కొత్త కారుకు ఆయన చేత పని చేయించే ముందు ఆగండి. తమ్ముడి కారు డీలర్ దగ్గరికి వెళ్లినప్పుడు థ్రాటిల్ బాడీ దగ్గర విరిగిన చిన్న ప్లాస్టిక్ క్లిప్ చూసి వాళ్లు మొదట అడిగిన మాట ‘ఇది ఎవరు విప్పారు?’. జర్క్‌కి, క్లిప్‌కి సంబంధం లేదు. అయినా సంబంధం లేదని నిరూపించడానికి అరపూట వాదించాల్సి వచ్చింది. బయట ఆయిల్ మార్పించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందన్న భయం అన్నిచోట్లా నిజం కాదు. అమెరికాలో కంపెనీలు అలా షరతు పెట్టకుండా 1975 నుంచే చట్టం ఉంది. అయినా దేశాన్ని బట్టి, కంపెనీని బట్టి మారే విషయం కాబట్టి ముందు వారంటీ పుస్తకం చదవండి. బయట చేయిస్తే పుస్తకంలో చెప్పిన గ్రేడ్ ఆయిలే పోయించి, తేదీ, కిలోమీటర్లతో సహా బిల్లు దాచండి.

మన చేతిలో స్కానర్

స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ (కారు తన లోపాలను తానే గుర్తించి రాసుకునే వ్యవస్థ) సాకెట్‌కి అరచేతిలో పట్టే బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో లోపం కోడ్ చూసుకోవచ్చు. అమెరికాలో 1996 మోడల్ నుంచి తప్పనిసరి చేసిన ఈ పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. చూడండి, స్క్రీన్‌షాట్ తీయండి, కోడ్ చెరిపేయకండి. చెరిపితే లోపం వచ్చిన క్షణంలో వేగం, ఇంజిన్ వేడి ఎంతో రాసిపెట్టుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. డీలర్‌కి కావాల్సిన సాక్ష్యం అదే.

కోడ్ పార్ట్ పేరు చెప్పదని కూడా గుర్తుంచుకోవాలి. పీ0171 అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవుతోందని. సెన్సర్ పోయి ఉండొచ్చు, పగిలిన గొట్టంలోంచి గాలి దూరుతుండొచ్చు. ఇంకో మాట: ఒకేసారి నాలుగైదు వార్నింగ్ లైట్లు వెలిగితే ముందు బ్యాటరీ చూడండి. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. 12.2 చూపిస్తే సగం ఖాళీ అయినట్టే. బలహీనమైన బ్యాటరీ మీద కంప్యూటర్లు లేని రోగాలు చూపిస్తాయి. గేర్‌బాక్స్ పోయిందేమో అన్న టెన్షన్ బ్యాటరీ మార్పుతో తీరిపోయిన కార్లు తక్కువేమీ కాదు.

అయితే కొన్ని విషయాల్లో ఈ పోలికే వద్దు. బ్రేకు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, ఎర్రగా వెలిగే ఆయిల్ ప్రెషర్ లైట్: వీటికి రెండో అభిప్రాయాల కోసం తిరగకండి. ఆయిల్ లైట్ అయితే అక్కడే ఇంజిన్ ఆపి టో చేయించి డీలర్‌కి చేర్చండి. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా ఉంటే నెమ్మదిగా వెళ్లొచ్చు. ఆరి వెలుగుతూ ఉంటే సాధారణంగా మిస్‌ఫైర్, అంటే ఇంజిన్‌లో పెట్రోలు సరిగా మండటం లేదని అర్థం, కాలని పెట్రోలు పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌ని పాడు చేస్తుంది. అలాగే నడుపుతూ పోకూడదు. రీకాల్ ఉందేమో కంపెనీ సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూడటం రెండు నిమిషాల పని.

వారంటీ ముగిసే ముందు మాత్రం షోరూమ్, బయటి మెకానిక్ ఇద్దరూ కావాలి. ముగియడానికి నెల, రెండు నెలల ముందు బయటి మెకానిక్ చేత కారు కింద, పైన మొత్తం చూపించండి. చెమ్మగా ఉన్న ఆయిల్ సీల్, పగుళ్లు పడ్డ బుష్, కారుతున్న షాక్ అబ్జార్బర్, ఏది కనపడినా ఫొటో తీయించుకోండి. ఆ జాబితాతో డీలర్ దగ్గరికి వెళ్లి గడువు లోపలి తేదీతో జాబ్ కార్డ్ తెరిపించండి. బ్రేక్ ప్యాడ్‌లు, వైపర్‌లు లాంటి అరిగే వస్తువులు మామూలుగా వారంటీలో రావు, వాటి కోసం వాదించి అసలు విషయాన్ని పలచన చేయకండి.

తమ్ముడి కారు వారంటీ ఇంకో ఆరు వారాల్లో అయిపోతుంది. లింక్ రాడ్ మీద నా వేలు పెట్టించిన మెకానిక్ దగ్గరే శనివారానికి టైమ్ తీసుకున్నాం. ‘చూసి చెప్పండి, విప్పకండి’ అని ముందే ఫోన్‌లో చెప్పాను.