రుద్రంపేట బైపాస్ షెడ్డు: వేడెక్కాక స్టార్ట్ కాని పాత కార్లకు

పాత పెట్రోల్ కారు పొద్దున ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయి, ఎండలో తిరిగొచ్చాక మాత్రం ఎంత కొట్టినా అందుకోవడం లేదా? అనంతపురంలో ఉన్నవాళ్లకు నేను ధైర్యంగా చెప్పగలిగిన చోటు రుద్రంపేట బైపాస్ దగ్గరి చిన్న రేకుల షెడ్డు. బోర్డు లేదు. ముందు వేపచెట్టు, దాని కింద ఎప్పుడూ బానెట్ ఎత్తిన బండి ఒకటి ఉంటుంది. నడిపే పెద్దాయన్ను అందరూ భాయ్ అంటారు.

మాది 2009 మోడల్ చిన్న కారు. నేను కూడేరు వైపు బడికి దాంట్లోనే పోయొస్తాను. ఒంటిపూట బడులు మొదలయ్యాక మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా బయల్దేరాలి. దారిలో కూరగాయలకని ఆపితే చాలు, మళ్లీ స్టార్ట్ అయ్యేది కాదు. అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు అయ్యేది. పిల్లల్ని వెనక సీట్లో పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడటం ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు. అంతకుముందు చూపించిన చోట మొదట బ్యాటరీ మార్చారు, తర్వాత పెట్రోల్ పంపు మార్చారు. డబ్బులు పోయాయి, జబ్బు పోలేదు.

భాయ్ ముందు పానా పట్టుకోలేదు. అడగడం మొదలుపెట్టాడు. చల్లగా ఉన్నప్పుడు ఆగుతుందా, వేడెక్కాకే ఆగుతుందా? పోతూ పోతూ ఎప్పుడైనా దానంతటదే ఆఫ్ అయిందా? "సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా లేస్తుందా టీచరమ్మా?" అన్నాడు. ఆ చివరి ప్రశ్న నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. ఇంజన్ తిరుగుతున్నా, దాని వేగం చూపించే ఆ ముల్లు సున్నా మీదే ఉంటే చాలా కార్లలో అనుమానం క్రాంక్ సెన్సార్ మీదికి, అంటే ఇంజన్ తిరుగుతోందని కారు కంప్యూటర్‌కు చెప్పే పరికరం మీదికి, పోతుందట.

అయినా నేరుగా సెన్సార్ విప్పలేదు. బ్యాటరీకి మీటర్ పెట్టి సెల్ఫ్ కొట్టించాడు. పది వోల్టుల పైనే నిలబడింది. ఇంజన్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఎర్త్ కూడా చూశాడు. కారణం అడిగితే విసుక్కోకుండా చెప్పాడు. మా బండిది రెండు వైర్ల సెన్సార్. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ చుట్ట. ఎదురుగా చక్రం పళ్లు తిరిగితే అందులో కరెంటు పుడుతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆ కరెంటూ తక్కువే. అంటే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు నీరసంగా ఉన్నా సెన్సార్ మంచిదై ఉండి కూడా సిగ్నల్ చాలకపోవచ్చు. ముందు అది తేల్చుకోవాలి.

పంపు ఎందుకు అనవసరంగా మార్చారో కూడా అప్పుడే అర్థమైంది. కీ ఆన్ చేస్తే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇంజన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సార్ చెబితేనే కంప్యూటర్ దాన్ని మళ్లీ నడిపిస్తుంది. సెన్సార్ నోరు మూసుకుంటే పంపూ ఆగుతుంది, స్పార్కూ రాదు, ఇంజెక్టరూ కొట్టదు. పంపు తిరగడం లేదు కాబట్టి పంపే పోయిందనుకున్నారు. ఒక్క మీటర్‌తో తేలిపోయే విషయానికి వేలకు వేలు ఖర్చు పెట్టించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆయన షెడ్డులో మాత్రం బండి చక్కగా స్టార్ట్ అయింది. వేరేవాళ్లయితే "ఏం లేదు, తీసుకుపోండి" అనేవాళ్లు. ఈయన ఏసీ వేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా నడిపి, ఆపి, బానెట్ మూసేసి టీ తెప్పించాడు. నడుస్తున్నప్పటికన్నా ఆపిన తర్వాతే గాలి ఆడక బానెట్ కింద వేడి పెరుగుతుందట. టీ అయ్యాక సెల్ఫ్ కొడితే ఖాళీగా తిరిగింది. స్కానర్‌లో ఆర్‌పీఎం సున్నా. లోపం ఉందని చూపించే కోడ్ కూడా ఏమీ లేదు. సిగ్నలే రాకపోతే ఇంజన్ ఆగి ఉందనే కంప్యూటర్ అనుకోవచ్చని, కోడ్ లేనంత మాత్రాన సెన్సార్ మంచిదని అనుకోకూడదని చెప్పాడు. చల్లగా ఉన్నప్పుడు సెన్సార్ తీగ నిరోధం ఎనిమిది వందల ఓమ్‌లు చూపించిన మీటర్ ఇప్పుడు తీగ తెగినట్టే చూపించింది. సెన్సార్‌కు తడిగుడ్డ చుట్టి కాసేపు ఉంచాడు. అంకె తిరిగొచ్చింది, బండీ స్టార్ట్ అయింది. అది నా కళ్లతో చూశాను, ఇంక అనుమానం ఏముంటుంది?

విప్పిన సెన్సార్ నా చేతికిచ్చాడు. కొసకు నల్లటి ఇనుప రజను నూగులా పట్టుకుని ఉంది. వైరు మీది తొడుగు అప్పడంలా పెళుసుబారి, గోరు తగిలితే రాలుతోంది. పాత వైరు కొత్త సెన్సార్‌ను కూడా బతకనివ్వదని కనెక్టర్ దాకా వైరు కదిపి చూసి, పిన్నులు శుభ్రం చేశాడు. సెన్సార్ మీది నంబరు రాసిచ్చి కంపెనీదే తెమ్మన్నాడు, చవక డూప్లికేట్ వద్దన్నాడు. పద్నాలుగు వందలు పడింది. ఆయన కూలి ఆరు వందలు. మూడు వైర్ల సెన్సార్ చాలావరకు వేరే రకమని, దాన్ని ఓమ్ మీటర్‌తో చూడకూడదని, దానికి సప్లై, ఎర్త్, సిగ్నల్ విడివిడిగా చూడాలని కూడా చెప్పాడు.

స్టార్టింగ్ ట్రబుల్ అన్నీ ఈ సెన్సార్‌వే అనుకునే మనిషి కాదు. అదే రోజు కామన్ రైల్ డీజిల్ బండి, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ప్రెషర్ గొట్టం (రైల్) నుంచి డీజిల్ అందేది, ఒకటి వచ్చింది. దాని ఇంజెక్టర్ల నుంచి మిగులు డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపులకు చిన్న సీసాలు వేలాడదీశాడు. ఒక సీసా మిగతావాటికన్నా ముందే నిండిపోయింది. ఆ ఇంజెక్టర్ లీక్ వల్ల ఆ గొట్టంలో ప్రెషర్ నిలవడం లేదట.

లోటు లేదని చెప్పను. కూర్చోడానికి ఒకే బెంచీ. ఫోన్ ఎత్తడు. అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తాడు తప్ప జీఎస్టీ బిల్లు ఉండదు. మరీ కొత్త కార్లయితే కంపెనీకే తీసుకుపొమ్మంటాడు. వేడి చేసి చూడాలి కాబట్టి సగం పూటైనా బండి వదలాలి. పొద్దున్నే వెళ్లండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తాడు, తెరిచేసరికి మూడవుతుంది.