డాలస్‌లో ఒక్క రాత్రి, పొగతోటలో మూడు రోజులు

అమ్మానాన్నల్ని అమెరికా పిలిపించుకునేవాళ్ళు విమానం టికెట్టు కంటే ముందు విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు చదవాలి. చవగ్గా దొరికే ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీలు ఒక్కో చికిత్సకి ఇంత అని ముందే రాసుకున్న మొత్తమే ఇస్తాయి. అసలు బిల్లు ఎంతైనా వాళ్ళకి పట్టదు. మా అక్కకి పాలసీ అమ్మిన ఏజెంటు ఈ ముక్క చెప్పకుండా "లక్ష డాలర్ల కవరేజీ" అని మాత్రం ఊదరగొట్టాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

అమ్మా నేనూ కావలి నుంచి చెన్నై వెళ్ళి, దోహా మీదుగా డాలస్‌లో అక్క వాళ్ళింటికి చేరాం. ప్రయాణం హాయిగా జరిగింది. కొన్నాళ్ళకి ఒక అర్ధరాత్రి అమ్మకి కుడి డొక్కలో నొప్పి, ఆగకుండా వాంతులు. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం.

వైద్యానికి వంక పెట్టలేను. అమ్మకి ఇంగ్లిష్ రాదని తెలియగానే స్టాండుకి బిగించిన స్క్రీన్ తెచ్చి మంచం పక్కన పెట్టారు. అందులో అనువాదం చేసే ఒకావిడ తెలుగులో మాట్లాడింది. ప్రతి ఇంజెక్షన్ ఎందుకో అమ్మకే చెప్పి, సరే అన్నాకే చేశారు. పిత్తాశయంలో రాళ్ళున్నాయని, ఆపరేషన్ చేయించుకోమని చెప్పి తెల్లారేసరికి పంపించేశారు.

బిల్లులు తర్వాత మూడు కవర్లలో విడివిడిగా వచ్చాయి. ఆసుపత్రిది 9,480 డాలర్లు, డాక్టరుది 1,265, స్కాన్ చూసి రిపోర్టు రాసినాయనది 310. మొత్తం 11,055. డాలరు 85 రూపాయలు వేసుకున్నా తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల పైచిలుకు! ఇన్సూరెన్స్ వాళ్ళు ఇచ్చింది 480 డాలర్లు. బావ ఆ కాగితాలు ముందేసుకుని రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. "నా కడుపునొప్పికి తొమ్మిది లచ్చలా అమ్మాయ్" అని అమ్మ అన్నం ముందు కూర్చుని ఏడ్చింది.

2022 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. సొంత డబ్బుతో ఆపరేషన్ చేయించుకునేవాళ్ళకి ముందే ఖర్చు అంచనా రాసివ్వాలి, బిల్లు అంతకంటే 400 డాలర్లు మించితే ఫిర్యాదు చేయొచ్చు. ఎమర్జెన్సీకి పరిగెత్తినవాళ్ళకి అది పనికిరాదు. మాకు పనికొచ్చింది ఇంకొకటి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు డబ్బు కట్టలేని రోగులకి సాయం చేసే విధానం పెట్టుకుని తీరాలి. అమ్మకి ఆదాయం లేదని కాగితాలు పంపితే 9,480 కాస్తా 3,800 అయింది. డాక్టర్ల బిల్లులు మాత్రం పైసా తగ్గలేదు. బిల్లు రాగానే కట్టెయ్యకండి, దేనికెంతో విడివిడిగా రాసిన ఐటమైజ్డ్ బిల్లు అడగండి, సాయం ఫారం అడగండి.

ఆపరేషన్‌కి అక్కడ 22,000 డాలర్లన్నారు. నొప్పి తగ్గాక డాక్టరు లెటర్ తీసుకుని ఇంటికొచ్చేశాం. చెన్నైలో 1,75,000 రూపాయలన్నారు, లాడ్జి ఖర్చు అదనం. అమ్మ నెల్లూరే అంది.

నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో అల్ట్రాసౌండ్ 1,200, ఎమ్మార్సీపీ (పిత్తనాళాలు చూసే ఎమ్మారై స్కాన్) 7,500, రక్త పరీక్షలు 3,150, ఆపరేషన్‌కి రూముతో కలిపి ప్యాకేజీ 65,000, మందులు 11,720, తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపినందుకు 1,800. మొత్తం 90,370. డాలస్‌లో వేసిన ఆ ఒక్క రాత్రి బిల్లుతో ఇక్కడ పది ఆపరేషన్లు అయిపోతాయి.

అలాగని అంతా బాగుందని చెప్పను. డాక్టరు రౌండ్స్‌కొచ్చి రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. డ్రెయిన్ (ఆపరేషన్ చేసిన చోట చేరే నీరు బయటికి తీసే గొట్టం) ఎందుకు పెట్టారని అమ్మ అడిగితే సిస్టర్ "అన్నీ నీకెందుకమ్మా" అంది. నాకు ఆ స్క్రీన్‌లో తెలుగావిడ గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మన భాష మాట్లాడే ఊళ్ళోనే మనకి విషయం చెప్పేవాళ్ళు లేకపోతే ఎలా? థియేటర్ బయటికొచ్చి ప్లాస్టిక్ డబ్బాలో రాళ్ళు చూపించిన కుర్ర డాక్టరు మాత్రం ఓపిగ్గా అన్నీ చెప్పాడు. మిరియాలంత నల్లటి రాళ్ళు, పదిహేడు.

మందుల చీటీతో తెచ్చినవన్నీ వాడరు. డిశ్చార్జికి ముందు మిగిలిన గ్లవ్స్, సెలైన్లు, సిరంజీలు మీరే లెక్కపెట్టి ఫార్మసీలో వాపసు ఇవ్వండి. బిల్లు లేనిదే తీసుకోరు కాబట్టి ప్రతి బిల్లూ దాచండి. పైన రాసిన 11,720 అలా 2,180 వెనక్కి వచ్చాక తేలిన లెక్క. తోడుగా వచ్చిన చిన్నాన్నకి పక్క సందులో తీసుకున్న లాడ్జి రూము రోజుకి 900. వేణ్ణీళ్ళు బకెట్టుకి 30, దుప్పటికి 50 విడిగా గుంజారు. మనిషి ఒక్కరే అయితే లాడ్జి తీసుకోకండి, ఆసుపత్రి రూములో అటెండరు మంచం అడగండి, ప్యాకేజీలో అది ఉందేమో కనుక్కోండి.