టెన్స్ మెషిన్: నడుముకి సరే, నరానికి కాదు

చర్మం మీంచి సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే ఈ టెన్స్ మెషిన్‌ని మూడు నెలలుగా వాడుతున్నాను. అరచేతిలో పట్టే డబ్బా, రెండు వైర్లు, నాలుగు జిగురు ప్యాడ్లు. నడుముకి అటూ ఇటూ అంటించి ఆన్ చేస్తే చీమలు పాకినట్టు జుమజుమలాడుతుంది. కండ పట్టేసిన నొప్పికి బాగానే పనిచేసింది. అరగంట పెట్టుకున్నాక వంగి చెప్పులు వేసుకోగలిగాను! తీసేసిన గంటా రెండు గంటలకి నొప్పి మళ్లీ హాజరు. అంటే మాన్పడం కాదు, మరిపించడమే.

దెబ్బ తగిలిన చోట గబగబా రుద్దుకుంటాం చూడండి, అదే కిటుకు. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పికి గేటు మూస్తాయని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు.

పిరుదు నుంచి మడమ దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగే నరం నొప్పి దగ్గర మాత్రం దీని పప్పులుడకలేదు. నాకు దానికి డాక్టరు రాసిన మందులే దిక్కయ్యాయి. కాలు మొద్దుబారినా, పట్టు తప్పినా దీంతో కాలక్షేపం చేయకండి, డాక్టరుకి చూపించుకోండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు దీని జోలికే వెళ్లొద్దు.

నా అసలు గొడవ ప్యాడ్లతో. ఇరవైసార్లకే జిగురు పోయింది, చెమట పడితే ఇంకా ముందే. తడి వేలితో రాస్తే ఇంకో నాలుగు రోజులు అంటుకుంటున్నాయి.