నిర్ణయ వృక్షమా, న్యూరల్ నెట్‌వర్కా? పాల కేంద్రం రిజిస్టరుకు ఏది మేలు?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం వైపు రెండు మూడు గేదెలున్న తెలుగు రైతుకు డేటా మైనింగ్ (పోగైన లెక్కల్లోంచి పనికొచ్చే తీరుతెన్నులను వెలికితీయడం) పెద్ద డెయిరీల వ్యవహారంగా తోచవచ్చు. అయితే ఒక కేంద్రంలో పాలు పోసే ఇళ్లన్నిటి లెక్కలనూ ఒకచోట చేర్చితే, ఏ గేదె తిరగపొర్లే (కృత్రిమ గర్భధారణ సూది వేయించినా చూలు నిలవక మళ్లీ ఎదకు వచ్చే) అవకాశం ఉంది, దేన్ని ముందుగా డాక్టరుకు చూపాలి అన్న ప్రశ్నలకు ఆ లెక్కల్లోంచే ఆధారం దొరుకుతుంది. ఆ పనికి వాడే పద్ధతుల్లో రెండు నిర్ణయ వృక్షం, న్యూరల్ నెట్‌వర్క్.

నిర్ణయ వృక్షం ప్రశ్న మీద ప్రశ్న వేసుకుంటూ పోతుంది: ఇది ఎన్నో ఈత, ఈని తొంభై రోజులు దాటిందా, సూది వేయించింది ఎండాకాలంలోనా, కిందటిసారి మాయ సకాలంలో పడిందా. ఏ కొమ్మ మీదుగా తీర్పు వచ్చిందో పశువైద్యుడు చదివి, అనుభవానికి పొసగకపోతే కాదనవచ్చు. నా దృష్టిలో దీని అసలు బలం అదే. లోపమూ చిన్నది కాదు. లెక్కలు కొద్దిగా ఉన్నప్పుడు నాలుగు వరుసలు మారితే వృక్షం రూపమే మారిపోతుంది. 2001లో గణాంక శాస్త్రవేత్త లియో బ్రైమన్ వివరించిన రాండమ్ ఫారెస్ట్ అనేక వృక్షాల ఓట్లు కలిపి ఈ నిలకడలేమిని తగ్గిస్తుంది గాని, చదివి తెలుసుకునే సౌలభ్యం అందులో చాలావరకు పోతుంది.

పాత ఉదాహరణల నుంచి తనంతట తానే తీరును నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్ సత్తా వేరు. పశువుకు కట్టే మెడపట్టీలు, అడుగులు లెక్కించే పెడోమీటర్లు ఎడతెగకుండా పంపే నడక, నెమరు వివరాల్లోంచి ఎదను పసిగట్టడానికి అది తగినది. గేదెల్లో, ముఖ్యంగా ఎండాకాలంలో, మూగ ఎద (పైకి లక్షణాలు కనపడని ఎద) సాధారణం కనుక ఆ అవసరాన్ని కొట్టిపారేయలేము. కాని సూది తేదీ, పాల కొలత, వెన్న శాతం తప్ప మరేమీ లేని రిజిస్టరుకు ఆ హంగు దండగ.

రెంటిలో ఏది ఎంచుకున్నా, అమ్మేవారు చూపే ఖచ్చితత్వ శాతాన్ని అనుమానించాలి. వందలో ఐదింటికే పొదుగువాపు ఉన్నచోట, 'దేనికీ లేదు' అనే పద్ధతి కూడా 95 శాతం సరైనదే అనిపించుకుంటుంది. ఆ ఐదింటిలో ఎన్నింటిని పట్టిందన్నదే అడగవలసిన మాట.

ఈ సరిహద్దు కేంద్రాలకు నేను నిర్ణయ వృక్షాన్నే చెబుతాను. కాకపోతే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వైపు నుంచి కొని తెచ్చిన గేదెను 'నల్లది, వంకర కొమ్ములది' అని రాసుకుంటే, దాని పాత టీకాలు, ఈతల వివరాలు ఏ పద్ధతికీ అందవు. పశువు చెవికి గుర్తింపు కోసం తగిలించే, రాష్ట్రం దాటినా మారని 12 అంకెల చెవిపోగు సంఖ్యనే మొదటి గడిలో రాయాలి.