రాజ్యసభ, శాసన మండలి: ఏ పెద్దల సభకు ఎంత బలం?

రెండింటినీ పెద్దల సభలనే అంటాం. బలంలో మాత్రం చాలా తేడా ఉంది.

లోక్‌సభ పంపిన మామూలు బిల్లును రాజ్యసభ కాదంటే, రెండు సభల ఉమ్మడి సమావేశం పెడితే తప్ప అది ముందుకు కదలదు. అలా బిల్లులు నెగ్గింది మూడుసార్లే: 1961, 1978, 2002. శాసన మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అంతే. తర్వాత శాసనసభ మాటే నెగ్గుతుంది. ద్రవ్య బిల్లులను (పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లులను) రెండూ 14 రోజులే ఆపగలవు.

మండలి ఉనికికే భరోసా లేదు. శాసనసభ ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసిన వారిలో కనీసం మూడింట రెండు వంతులు) తీర్మానిస్తే పార్లమెంటు మామూలు చట్టంతో రద్దు చేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1958లో వచ్చిన మండలి 1985లో పోయింది, 2007లో తిరిగొచ్చింది. 2020లో మళ్లీ రద్దు తీర్మానం చేశారు, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఒక చట్టసభను ఇలా ఊగిసలాటలో పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఎందుకంటే రాజ్యసభలో లేనిది మండలిలో ఒకటుంది. రాజ్యసభకు ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు, 12 మందిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు. మండలిలో పన్నెండో వంతు సీట్లకు పట్టభద్రులు, మరో పన్నెండో వంతుకు టీచర్లు నేరుగా ఓటేస్తారు. హైస్కూలు టీచరు టీచరుగా తన ప్రతినిధిని తానే ఎంచుకునే చట్టసభ ఇదొక్కటే.