గ్రీన్స్‌బర్గ్ వెళ్ళొచ్చాం: 109 అడుగుల బావి, సుడిగాలి ఊడ్చేసిన ఊరు, నిద్ర లేని ఓ మోటెల్ రాత్రి

మేముండేది అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో. ఇక్కడ నెలలో మొదటి బుధవారం పొద్దున పదకొండింటికి టోర్నడో (సుడిగాలి) సైరన్లు టెస్ట్ చేస్తారు. మాకు అలవాటైపోయి అది చెవికి కూడా ఎక్కదు. పోయిన మేలో అత్తయ్యగారు, మావయ్యగారు దివిసీమ నుంచి వచ్చిన నాలుగో రోజే ఆ బుధవారం పడింది. నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. సైరన్ మొదలైన నిమిషంలోపే మావయ్యగారు స్టవ్ కట్టేసి, పాస్‌పోర్టుల సంచీ చంకలో పెట్టుకుని, అత్తయ్యగారిని రెక్క పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కొచ్చేశారు. "అమ్మాయ్, మేడ మీదికేగా?" అన్నారు.

పైకి కాదు మావయ్యగారూ, ఇక్కడ కిందికి దిగాలి, బేస్‌మెంట్‌లోకి అన్నాను. ఆయనకది ఎంతకీ మింగుడుపడలేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి పన్నెండేళ్ళు. ఆ రాత్రి ఎత్తు మీదికి ఎక్కగలిగినవాళ్ళు మిగిలారు, ఎక్కలేనివాళ్ళు పోయారు. సర్కారు లెక్కలోనే పదివేల మంది. అలాంటి మనిషికి గాలొస్తే గోతిలోకి దిగమంటే ఎలా ఉంటుంది! మా ఆయన సర్దిచెప్పబోయి ఊరుకున్నారు. ఆ నెలాఖరులోనే మెమోరియల్ డేకి మూడు రోజుల సెలవు దొరికింది. అందరూ వెళ్ళే కొలరాడో మానేసి కియోవా కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) గ్రీన్స్‌బర్గ్‌కి బయల్దేరాం. అదెక్కడుందని అడగని స్నేహితులు లేరు.

కాన్సాస్‌కి నైరుతి వైపు, విచిటా దాటి ఇంకో 110 మైళ్ళు పోతే వస్తుంది. మా ఇంటి నుంచి ఐదు గంటల పైనే, ఆగుతూ పోతే ఏడు. విచిటాలో భోంచేసేయండి, ఆ తర్వాత మనవాళ్ళు తినే తిండి దొరకదు. 2020 జనాభా లెక్కల ప్రకారం కౌంటీ మొత్తంలో ఉన్నది 2,460 మంది. మా అత్తయ్యగారి పుట్టింటి ఊళ్ళోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. రోడ్డు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. రెండు వైపులా గోధుమ చేలు, ధాన్యం నిలవచేసే పొడవాటి కాంక్రీటు ఎలివేటర్లు. పది మైళ్ళ దూరం నుంచే ఫలానా ఊరు వస్తోందని ఆ ఎలివేటర్ చూసి చెప్పొచ్చు. గ్రీన్స్‌బర్గ్‌లో సుడిగాలి వచ్చిన ఆ రాత్రి తర్వాత నిలబడ్డ కొద్ది కట్టడాల్లో అదొకటి, 1914లో కట్టిన కోర్టు భవనం ఇంకొకటి.

ఆ రాత్రి అంటే 2007 మే 4, శుక్రవారం, తొమ్మిదిన్నర దాటాక. గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు నుంచి వచ్చే తేమగాలి, పడమటి మెట్ట నుంచి వచ్చే పొడిగాలి ఈ మైదానంలోనే ఎదురుపడి ఉరుముల మేఘాన్ని లేపుతాయి. పైన ఎత్తులో గాలి వేరే దిక్కుకి, వేరే వేగంతో వీస్తుంటే ఆ మేఘమంతా మెల్లగా గిర్రున తిరగడం మొదలుపెడుతుంది. సాధారణంగా పొద్దుపోయాక చల్లబడి తగ్గాలి, ఆ రోజు చీకటి పడ్డాక ఇంకా ముదిరింది. ఊరి మీదికి వచ్చేసరికి సుడి వెడల్పు 1.7 మైళ్ళు, అంటే ఊరి కంటే సుడే పెద్దది. ఊళ్ళో 95 శాతం పోయింది. గాలి గంటకి 205 మైళ్ళని లెక్కగట్టారు. ఇది ఎవరూ మీటర్ పెట్టి కొలిచింది కాదు, తర్వాత ఇంజినీర్లు వచ్చి కూలిన తీరు చూసి వేసిన అంచనా. ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే సుడిగాలుల తీవ్రతకి మొదలైన కొత్త కొలమానంలో మొట్టమొదటి ఈఎఫ్-5, అంటే అన్నిటికంటే పై మెట్టు, ఇదే. ఇంత జరిగినా పోయిన ప్రాణాలు పది పైచిలుకు. డాడ్జ్ సిటీ వాతావరణ కేంద్రం ముందే హెచ్చరిక పంపింది, ఇరవై నిమిషాల ముందు సైరన్లు మోగాయి, జనం బేస్‌మెంట్లలోకి దిగారు. కిందికి దిగడం వల్లే బతికారన్న సంగతి మావయ్యగారికి చూపించడానికే ఇంత దూరం వెళ్ళాం అనుకోండి.

ఇక మొదటి రాత్రి మోటెల్ గురించి. పేరు రాయను, దారిలో ఓ చిన్న ఊళ్ళో ఉంది. ఆన్‌లైన్‌లో ఫొటోలు బాగున్నాయి, రేటు తక్కువ, పడిపోయాం. ఏసీ ట్రాక్టరులా మోగుతోంది, దుప్పట్లకి సిగరెట్ వాసన, వేడి నీళ్ళు రావడానికి పావుగంట. అదంతా పోనీ. రాత్రి ఎనిమిదింటికి పడమర ఆకాశం కందిపోయిన రంగులోకి తిరిగింది, ఫోన్లకి టోర్నడో వాచ్ వచ్చింది. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని సుడిగాలి వస్తే ఎక్కడ దాక్కోవాలి అని అడిగితే, చూయింగ్ గమ్ నములుతూ "బాత్రూమ్" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆ బాత్రూమ్‌లో మా ఐదుగురం నిలబడటానికే చోటు లేదు, కూర్చోవడం తర్వాత మాట. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి చెప్పింది తప్పేం కాదు. బేస్‌మెంట్ లేని చోట కింది అంతస్తులో, కిటికీ లేని లోపలి గదే గతి. కానీ ముసలివాళ్ళతో వచ్చినవాళ్ళకి ఆ ఒక్క మాట సరిపోతుందా?

పదింటికి ఐదు ఫోన్లూ ఒకేసారి గోలపెట్టాయి. ఈసారి వార్నింగ్. వాచ్ అంటే వచ్చే వీలుందని, వార్నింగ్ అంటే రాడార్‌లోనో కళ్ళారానో కనిపించింది, దాక్కోమని. అందులో ఓ కౌంటీ పేరుంది. మేమున్నది ఏ కౌంటీలో? మా ఆయనకి తెలీదు, నాకు తెలీదు. మోటెల్ అడ్రసులో ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ ఉన్నాయి కానీ కౌంటీ లేదు. వానలో సిగ్నల్ ఊగిసలాడుతుంటే ఆ పేరు వెతకడానికి పట్టిన మూడు నిమిషాలు నేను ఈ జన్మలో మర్చిపోను. ఆలోపు అత్తయ్యగారు మా చిన్నోడిని ఖాళీ బాత్‌టబ్‌లో కూర్చోబెట్టి మీద పరుపు కప్పేశారు. ఎవరు నేర్పారో తెలీదు, సరిగ్గా చేయాల్సిందే చేశారు. ఆవిడ చేతిలో బీపీ మందుల డబ్బా, ఆవకాయ సీసా. మావయ్యగారేమో బూట్లు వేసుకుని లేసులు కట్టుకుంటున్నారు. ఎందుకండీ అంటే, "రేపొద్దున నడవాల్సింది మేకుల మీద కదమ్మా" అన్నారు. ఇక్కడి కరపత్రాల్లో కూడా ఇదే రాస్తారు, బూట్లు వేసుకునే దాక్కోండి అని. ఆయన మాత్రం ఏ కరపత్రమూ చదవలేదు.

చివరికి తేలిందేంటంటే ఆ హెచ్చరిక పక్క కౌంటీకి. మా మీద నిమ్మకాయంత వడగళ్ళు పడ్డాయి, కారు టాప్ సొట్టలు పడింది. ఇన్సూరెన్స్ వాళ్ళతో ఇంకా నడుస్తోంది. కాబట్టి మే, జూన్ నెలల్లో ఈ వైపు ఎక్కడ బస చేసినా రెండు పనులు చేయండి: గదిలో అడుగుపెట్టగానే కౌంటీ పేరు, చుట్టూ ఉన్న కౌంటీల పేర్లు రాసుకోండి, బుక్ చేసేముందే ఫోన్ చేసి షెల్టర్ ఎక్కడో అడగండి. సరిగ్గా జవాబు చెప్పలేని చోట దిగకండి. రెండో రాత్రికి డాడ్జ్ సిటీలో ఉన్నాం, ముప్ఫై డాలర్లు ఎక్కువైంది కానీ గది తలుపు వెనకాల ఎక్కడికి వెళ్ళాలో బొమ్మ గీసి అంటించి ఉంది. అక్కడ మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీలు ఉండటంతో మెక్సికన్ కుటుంబాలు ఎక్కువ, అందుకని బీన్స్, అన్నం, రొట్టెలతో శాకాహారం బ్రహ్మాండంగా దొరికింది. గాలి ఆ ఫ్యాక్టరీల వైపు నుంచి వీస్తే మాత్రం ముక్కు మూసుకోవాల్సిందే.

మళ్ళీ గ్రీన్స్‌బర్గ్‌కి వస్తాను. బిగ్ వెల్ మ్యూజియం తప్పకుండా చూడాలి. 1887, 88లలో రైలు ఇంజన్ల కోసం, ఊరి కోసం చేత్తో తవ్విన బావి, లోతు 109 అడుగులు, అడ్డం 32 అడుగులు. 1932 దాకా ఊరికి ఆ నీళ్ళే. సుడిగాలి పాత మ్యూజియాన్ని ఎత్తుకుపోయింది గానీ బావిని ఏం చేస్తుంది! 2012లో దాని చుట్టూ గుండ్రంగా కొత్త భవనం కట్టారు. లోపల బావి అంచు వెంబడి తిరుగుతూ దిగే మెట్లున్నాయి. అత్తయ్యగారు మోకాళ్ళ వల్ల పైనే ఉండిపోయారు, పై అంతస్తు కూడా బాగుంటుంది కాబట్టి పెద్దవాళ్ళు టికెట్ దండగని అనుకోనక్కర్లేదు. మావయ్యగారు మాత్రం ఒక్కో మెట్టూ దిగుతూ రాతి కట్టుబడిని చేత్తో తడుముతూ వెళ్ళారు. "మా ఊళ్ళో పదడుగులు తవ్వితే ఉప్పునీళ్ళమ్మా, వీళ్ళు నూరడుగులు దిగారు" అని ఆశ్చర్యం. కింద చల్లగా, తడిమట్టి వాసన. పై గోల ఒక్కటీ వినపడదు. ఆయన అక్కడ పావుగంట నిలబడి, "ఇక్కడైతే దాక్కోవచ్చు" అన్నారు. కిందికి దిగడం అనే మాటతో ఆయన రాజీపడింది అక్కడేనని నా నమ్మకం.

చిన్నోడికి నచ్చింది ఉల్క. ఈ కౌంటీలోనే బ్రెన్‌హామ్ అనే చోట పడ్డ ఉల్కల్లో ఒకటి, వెయ్యి పౌండ్ల బరువు, 1949లో దొరికింది. సుడిగాలి తర్వాత అది పోయిందనే అనుకున్నారట, చివరికి పాత మ్యూజియం శిథిలాల కింద అక్కడే కూర్చుని ఉంది. మిగతా గదుల్లో ఆ రాత్రి ఫొటోలు, చెత్తకుప్పల్లో ఏరిన వస్తువులు. ఏడిపించడానికి చేసినట్టు ఉండదు, అది నాకు నచ్చింది.

ఊరు చూడటానికి గంట చాలు. 2007 డిసెంబర్‌లోనే నగరపాలక మండలి ఓ తీర్మానం చేసింది, 4,000 చదరపు అడుగులు దాటే సొంత భవనాలన్నీ లీడ్ ప్లాటినమ్ అనే పర్యావరణహిత భవనాల ప్రమాణానికి తగ్గట్టు కట్టాలని. కాన్సాస్ యూనివర్సిటీ విద్యార్థులు కట్టిన ఆర్ట్స్ సెంటర్ పేరే 5.4.7, నెల ముందు రాసే ఇక్కడి పద్ధతిలో ఆ రోజు తేదీ. ఊరి బయట పది గాలిమరలు, 12.5 మెగావాట్లు. ఇవన్నీ గొప్పే. ఒబామా 2009లో కాంగ్రెస్ ప్రసంగంలో ఈ ఊరిని మెచ్చుకున్నారు కూడా. కానీ 2000లో 1,574 మంది ఉన్న ఊళ్ళో 2010 నాటికి 777 మంది, 2020లో 740. కొత్త భవనాల మధ్య ఖాళీ స్థలాలు, సగం వీధుల్లో కాలిబాట ఉంది, ఇల్లు లేదు. పత్రికలవాళ్ళు రాసే పునర్జన్మ కథల్లో ఈ ఖాళీ జాగాలు రావు.

అత్తయ్యగారు మెయిన్ స్ట్రీట్‌లో నడుస్తూ, ఇక్కడ పెద్ద చెట్టు ఒక్కటీ లేదేంటే అన్నారు. నిజమే, చూస్తే అన్నీ ఒక ఈడు చెట్లు. మావయ్యగారు తలెత్తకుండానే, "మనూళ్ళో సరుగుడు తోపు అంతా ఒక ఈడే కాదూ" అన్నారు. ఉప్పెన తర్వాత తీరం వెంబడి నాటిన తోపులు అవి. ఆయన ఉప్పెన గురించి నా పెళ్ళయిన పదకొండేళ్ళలో మాట్లాడినవన్నీ కలిపితే పది వాక్యాలుండవు, ఇది అందులో ఒకటి.

సమయం ఉంటే పడమరగా పది మైళ్ళ దూరంలో ముల్లిన్‌విల్ ఉంది. పాత వ్యవసాయ యంత్రాల ఇనుప ముక్కలతో ఎం.టి. లిగెట్ అనే ఆయన రోడ్డు పక్కన పొడవునా చేసిపెట్టిన బొమ్మలున్నాయి. రాజకీయ నాయకుల మీద వెక్కిరింపులు, గాలికి తిరిగే చక్రాలు. ఆయన 2017లో పోయారు. డబ్బు ఖర్చు లేదు, పిల్లలకి మహా సరదా.

మూడో రోజు ఇంటికి నేరుగా రాకుండా హేస్ మీదుగా రూక్స్ కౌంటీలో కోడెల్ అనే ఊరికి వెళ్ళాం, నా పట్టుదల వల్ల. 1916 మే 20న అక్కడ టోర్నడో. 1917 మే 20న మళ్ళీ. 1918 మే 20న మూడోసారి, ఈసారి రాత్రిపూట వచ్చి ప్రాణాలు తీసింది. 1919 మే 20న జనం ఎలా కూర్చుని ఉంటారో ఊహించుకోండి. ఆ ఏడు ఏమీ రాలేదు. ఈ కథ విని ఎగబడి వెళ్తే మాత్రం నిరాశే, కొన్ని ఇళ్ళు, చుట్టూ చేలు, దుకాణం కూడా లేదు. కారు దిగిన ఐదు నిమిషాలకే చిన్నోడు ఇక పోదాం అన్నాడు. మా ఆయన పెట్రోల్ లెక్క చెప్పారు. దీని కోసం ప్రత్యేకంగా వెళ్ళొద్దు, ఐ-70 మీద డెన్వర్ నుంచి వస్తూ ఉంటే ఆగండి చాలు. పులిహోర అక్కడే కారు డిక్కీ మీద పెట్టుకుని తిన్నాం. గాలికి కాగితం ప్లేట్లు నిలవలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు నేను ఆఫీసు పనిలో ఉండగా కింద చప్పుడు. వెళ్ళి చూస్తే మావయ్యగారు బేస్‌మెంట్‌లో మెట్ల కింద మేం ఏళ్ళుగా పోగేసిన అట్టపెట్టెలన్నీ బయటికి లాగేసి, చాప పరిచి, నీళ్ళ సీసాలు, టార్చి పెట్టారు. గోడ వెంబడి ఐదు జతల బూట్లు వరసగా. చిన్నోడి జత చేతిలో పట్టుకుని, "ఇవి వాడికి బిగుతైపోయాయమ్మాయ్, ఇవాళే కొత్తవి తేవాలి" అన్నారు.