ఊరి బ్యాండా, హార్మోనియమా? విక్టోరియా కాలం పల్లె చర్చిలో క్రిస్మస్

1842లో పారిస్‌లో పేటెంట్ అయిన హార్మోనియం ఇంగ్లండ్ పల్లెలకి చేరాక, చర్చి గ్యాలరీలో, అంటే పైనుండే బాల్కనీలో, కూర్చుని వాయించే ఊరి బ్యాండ్‌ని ఉంచాలా తీసేయాలా అని చాలా చోట్ల తగువే.

ఖర్చు: బ్యాండ్‌కి తీగలు, రీడ్‌లు (క్లారినెట్ లాంటి వాటికి ఊదేచోట పెట్టే పలుచటి పుల్లలు) అంతే. హార్మోనియంకి ఒకేసారి డబ్బు పెట్టాలి, కానీ పైప్ ఆర్గన్ (గొట్టాలతో మోగే పెద్ద చర్చి వాద్యం) కంటే చాలా చౌక.

శ్రమ: హార్మోనియంకి ఒక్కరు చాలు, టీచరమ్మ అయినా సరే. బ్యాండ్‌కి నలుగురైదుగురు కుదరాలి.

రిస్క్: ఇదే అసలు బాధ. ఫిడేలు, క్లారినెట్, బసూన్ వాయించేది కూలీలు, చేతిపనివాళ్లు, క్రిస్మస్ చలిలో ఇంటింటికీ వెళ్లి కారల్స్ పాడేదీ వాళ్లే, వాళ్లని కిందికి దింపేస్తే ఆ రాత్రి ఊరు బోసిపోతుంది కదా!

వాయించేవాళ్లు ముసలైపోయి కొత్తవాళ్లు రాకపోతే హార్మోనియమే. ముగ్గురున్నా సరే, నేనైతే బ్యాండ్‌నే ఉంచమంటా.